చెరువే రన్‌వే

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కునేవాళ్ళలో చిత్తూరు, తిరుపతి, మదనపల్లె వాళ్ళని మాత్రమే ఏరినా నాలుగు బస్సులు నిండుతాయి. ఆ బస్సుల్లో నేనూ ఒకణ్ణి. బెళ్ళందూరు చెరువు రాగానే క్యాబ్ అద్దం ఎత్తేస్తాం, ముక్కు మూసుకుంటాం. నురగ, వాసన, దోమలు. 2015లో ఆ నురగకి నిప్పంటుకుంది. 2018 జనవరిలో చెరువు మళ్ళీ మండితే ఆర్పడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. నీళ్ళకి నిప్పంటుకోవడమేందని మా ఊర్లో ఎవరికి చెప్పినా నమ్మలేదు.

ఇంకో సంగతి చెబితే అదీ నమ్మరు. ఆ చెరువులో ఒకప్పుడు విమానాలు దిగేవి. పక్కన కాదు, చెరువులోనే, నీళ్ళ మీదే.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి మైసూరు ప్రభుత్వంతో కలిసి బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ పెట్టాడు. ఇవాళ మనం హెచ్‌ఏఎల్ అంటున్నది దాన్నే. యుద్ధం ముదిరాక అమెరికా సైన్యం దాని నిర్వహణ చేతిలోకి తీసుకుని, అక్కడ విమానాల రిపేరు పని పెట్టింది. అట్లా రిపేరుకొచ్చిన వాటిల్లో కాటలినా అనే రకం ఉండేది. అది బెళ్ళందూరు నీళ్ళ మీద దిగేది. ఒడ్డుకు చేర్చి, కింద తాత్కాలికంగా చక్రాలు బిగించి, లాక్కుని షెడ్డుకు తీసుకుపోయేవాళ్ళు. పని అయ్యాక మళ్ళీ చెరువుకే తెచ్చి వదిలితే, నీళ్ళ మీద పరుగెత్తి లేచిపోయేది.

పోయిన వారం మనం పాకాల మీటరుగేజి లైను గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం కత ఈ ఎగిరే పడవలది.

ముందు ఒక తేడా చెప్పాలి. మాల్దీవ్స్‌కి హనీమూన్ పోయిన ఫ్రెండ్స్ రీల్స్‌లో సీప్లేన్ చూసే ఉంటారు. అది మామూలు విమానమే. చక్రాల బదులు కింద రెండు తేలే డొప్పలు బిగిస్తారు. మనిషి చెప్పులేసుకున్నట్టు. ఫ్లయింగ్ బోట్ అట్లా కాదు. దాని పొట్టే పడవ. నీళ్ళ మీద నేరుగా పొట్టతోనే కూర్చుంటుంది. విమానాన్ని నీళ్ళకి అలవాటు చెయ్యడం కాదు, పడవకే రెక్కలు మొలిచాయనుకోండి. మా అన్నవాళ్ళ తరం దూరదర్శన్‌లో చూసిన టేల్‌స్పిన్ కార్టూన్‌లో ఎలుగుబంటి నడిపేది, మియజాకి తీసిన పోర్కో రోసోలో పంది నడిపేది అట్లాంటి బండే. మన తరంలో చాలామందికి ఈ పిచ్చి పట్టింది ఆ బొమ్మల సినిమాల వల్లే. అసలు దాన్ని కళ్ళారా చూసిన మనిషి నా ఫ్రెండ్స్‌లో ఒక్కడూ లేడు. చూడనిదాని మీద బెంగ ఎట్లా కలుగుతుందంటే నా దగ్గర జవాబు లేదు, కలిగింది అంతే.

ఇంతకీ విమానాన్ని నీళ్ళలో దించాల్సిన అవసరమేమొచ్చింది? 1930లలో విమానాలు పెద్దవయ్యాయి, బరువెక్కాయి. బరువైన విమానం లేవాలంటే పొడుగాటి గట్టి రన్‌వే కావాలి. అప్పటికి ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఉన్నవి గడ్డి మైదానాలే. వానొస్తే బురద. కొత్తగా కట్టాలంటే దారి పొడుగునా, దేశం తర్వాత దేశంలో కట్టాలి. అదే నదులు, సరస్సులు, రేవులైతే ప్రతి దేశంలోనూ ఉన్నాయి. రన్‌వే ఖర్చు దేవుడే పెట్టుకున్నాడన్నమాట. సముద్రం మీద ఇంజిన్ ఆగిపోతే కిందకి దిగి తేలుతూ ఉండచ్చనే ధైర్యం ఇంకొకటి.

ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు నచ్చిన ముక్క ఒకటుంది. ఫ్లయింగ్ బోట్ అడుగు నున్నగా ఉండదు. మధ్యలో మెట్టులాగా ఒక విరుపు ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ పడవ పైకి తేలి, ఆ మెట్టు మీద నీళ్ళను రాసుకుంటూ జారుతుంది. ఆ విరుపు లేకపోతే నీళ్ళు అడుగుని అంటిపెట్టుకుని వదలవు. నీళ్ళు ప్రశాంతంగా ఉంటే పని తేలికవుతుంది అనుకుంటాం కదా? తలకిందులు. నీళ్ళు అద్దంలా ఉంటే విమానం లేవడం కష్టం. అందుకని ముందు ఒక మోటారు పడవని అటూ ఇటూ తిప్పి అలలు పుట్టించేవాళ్ళు. దిగేటప్పుడూ అంతే. అద్దంలాంటి నీళ్ళ మీద పైలట్‌కి ఎత్తు అంచనా దొరకదు. కొంచెం గాలి, కొంచెం అల ఉండాలి. నీళ్ళలో కొట్టుకొచ్చిన దుంగ ఒక్కటి ఉన్నా పొట్ట చీరేస్తుంది కాబట్టి ప్రతిసారీ పడవ ముందు పోయి దారి చూడాలి.

ఇక ప్రయాణికుల సంగతి. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిష్ కంపెనీ షార్ట్ బ్రదర్స్ చేత ఎంపైర్ బోట్స్ అని ఒక వరుస కట్టించింది. మొదటిది కనోపస్, 1936 జులైలో ఎగిరింది. మొత్తం 42 కట్టారు. నాలుగు ఇంజిన్లు, రెండు అంతస్తులు. గంటకు 265 కిలోమీటర్ల చొప్పున, మబ్బుల కిందగా పోయేది. 24 మందికి మించి ఎక్కించేవాళ్ళు కాదు. ఉత్తరాల మూటలు ఎక్కువుంటే మనుషులు ఇంకా తక్కువ. వంటగది ఉండేది. సిగరెట్ తాగడానికి వేరే గది. ఒక క్యాబిన్‌లో కిటికీల పక్కన కడ్డీ ఉండేది, సీటులోంచి లేచిపోయి దాని మీద మోచేతులు ఆనించి కింద నదిని, ఒంటెల బారుని చూస్తూ నిలబడచ్చు. ఇవాళ మనం బెంగళూరు నుంచి ఢిల్లీకి మోకాళ్ళు ముందు సీటుకి తగులుతుండగా, కిటికీ రెక్క దించుకుని పోతాం కదా, దాని పక్కన ఈ వర్ణన చదివితే కడుపు మండుతుంది.

దారి కూడా చెబుతాను. ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర లేచి, మధ్యధరా సముద్రం, ఈజిప్టు, బస్రా, బహ్రెయిన్, కరాచీ. కరాచీ నుంచి మన వైపు రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ సరస్సు, గ్వాలియర్, అలహాబాద్, కలకత్తాలో హుగ్లీ నది. ఆపైన రంగూన్, బ్యాంకాక్, సింగపూర్, చివరికి సిడ్నీ. కరాచీ దాకా ఎంపైర్ బోట్లు 1937లో మొదలయ్యాయి, ఆస్ట్రేలియా దాకా 1938లో. చీకటి పడేసరికి ఎక్కడో ఒకచోట దిగి, హోటల్లో పడుకుని, పొద్దున్నే మళ్ళీ బయల్దేరడం. మొత్తం తొమ్మిది పది రోజులు. ఓడలో అయితే నెల దాటేది.

ఈ జాబితాలో నాకు రాజ్‌సమంద్ దగ్గర మనసు ఆగింది. 17వ శతాబ్దంలో మేవాడ్ మహారాణా రాజ్‌సింగ్ కరువులో జనానికి పని కల్పించడానికి కట్టించిన చెరువది. మన భాషలో చెప్పాలంటే కరువు పని. ఆ రోజుల్లో తట్ట మోసి కట్ట వేసిన కూలీలకి తమ చెరువు అంతర్జాతీయ విమానాశ్రయం అవుతుందని కలలో కూడా వచ్చుండదు. రాయలసీమవాడికి ఇంతకంటే నచ్చే విమానాశ్రయం ఉంటుందా!

ఇక్కడ కొంచెం ఆగాలి. పాత ఫొటోల్లో తెల్ల సూట్లు, టోపీలు, వెండి చెంచాలు చూసి 'అబ్బ, ఆ రోజులే వేరు' అనడం సులువు. ఆ ఫొటోల్లో మనవాళ్ళు ఉంటే తాడు పట్టుకునో, పెట్టె మోస్తూనో ఉంటారు. ఎంపైర్ అనే పేరే చెబుతోంది ఎవరి కోసం కట్టారో. దొరలు, ఆఫీసర్లు, రాజాలు, పెద్ద వ్యాపారులు ఎక్కారు. మా తాత నగరి నుంచి పుత్తూరు పోవడానికి బస్సు చార్జీ మిగల్చాలని నడిచిన మనిషి. ఆయన పేరు మీద నేను ఆ విమానాన్ని తలుచుకుని నిట్టూర్చలేను.

అయితే ఆ విమానం ఎక్కలేనివాడి ఉత్తరం మాత్రం ఎక్కింది. ఈ పడవలు కట్టించిందే ముఖ్యంగా ఉత్తరాల కోసం. ఇంగ్లండు నుంచి సామ్రాజ్యంలోని దేశాలకి అర ఔన్సు ఉత్తరం ఒకటిన్నర పెన్నీకే, విమానానికని అదనపు చార్జీ లేకుండా పంపే పథకం పెట్టారు. 1938లో అది మన దేశానికీ వచ్చింది. మామూలు మనిషి చేతికి అందిన భాగం అదొక్కటే.

ఆ ఉత్తరం మన వైపు ఎట్లా వచ్చేదో చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం ఉంది కదా, క్షయ రోగుల ఆసుపత్రి. అక్కడ విదేశాల నుంచి వచ్చిన డాక్టర్లు పనిచేసేవాళ్ళు. లండన్‌లో ఒక తల్లి అక్కడున్న కొడుక్కి ఉత్తరం రాసిందనుకుందాం. కరాచీ దాకా ఫ్లయింగ్ బోట్. కరాచీలో ఆ మూట టాటాల విమానం ఎక్కుతుంది. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా తానే నడుపుకుంటూ కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన తపాలా సర్వీసు ఇదే. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అనే ఆయన బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. అంటే ఆ తపాలా సర్వీసు మొదలైనప్పుడు మధ్యలో దిగిన ఊరు బళ్ళారి, మన సీమ గడపలోది. తర్వాత ఆ దారి హైదరాబాద్ మీదుగా మారింది. మద్రాసులో దిగిన ఉత్తరం రైలెక్కి కాట్పాడి, అక్కడ బండి మారి పాకాల, పాకాల నుంచి పోయిన వారం చెప్పుకున్న మీటరుగేజిలో మదనపల్లె రోడ్డు స్టేషను. అక్కడినుంచి జట్కా బండి. ఎగిరే పడవలో మొదలై గుర్రం బండితో ముగిసే ప్రయాణం. ఇవాళ వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడి కూడా జవాబు రానివాళ్ళకి ఇది చెబుతున్నా.

ప్రయాణికుల ఫ్లయింగ్ బోట్ మన దక్షిణాదికి రాలేదు. ఆ దారి గంగా మైదానం మీదుగానే పోయింది. మన దగ్గరికి ఎగిరే పడవలని తెచ్చింది యుద్ధం. 1942లో సింగపూర్ పడిపోయాక జపాన్ నౌకలు బంగాళాఖాతంలోకి వచ్చాయి. ఏప్రిల్ 4న సింహళం దక్షిణాన కొగ్గల సరస్సు నుంచి లేచిన ఒక కాటలినాలో లెనార్డ్ బిర్చాల్ అనే కెనడా పైలట్ జపాన్ నౌకాదళాన్ని కనిపెట్టి వైర్‌లెస్‌లో హెచ్చరిక పంపాడు. వెంటనే ఆ విమానాన్ని కూల్చేశారు, ఆయన్ని పట్టుకుపోయారు. మర్నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి రోజు ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళ బాట పట్టారు.

ఆ ఏడాదే మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువులో కాటలినాల దళం దిగింది. 240 స్క్వాడ్రన్. రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకి 104 అడుగులు, రెండు ఇంజిన్లు, పక్కల్లో గాజు బుడగల్లాంటి కిటికీలు. పొద్దున లేస్తే ఎప్పటికో గానీ దిగేది కాదు, సముద్రం మీద గంటల తరబడి జలాంతర్గాముల కోసం వెతుకులాట. మద్రాసు తాగే నీళ్ళ మీదే యుద్ధ విమానాలు పార్క్ చేసి ఉండేవి.

ఆ నీళ్ళెక్కడివి? నాకు ఈ ప్రశ్న వచ్చిన రోజు మ్యాప్ తెరిచి అర్ధరాత్రి దాకా కూర్చున్నా. రెడ్‌హిల్స్‌కి నీళ్ళు చోళవరం చెరువు నుంచి, చోళవరానికి తామరపాక్కం ఆనకట్ట నుంచి, ఆ ఆనకట్ట కుశస్థలి నది మీద. ఆ కుశస్థలిలో కలిసే ఏరు మా నగరి ఏరు. అంటే మా కొండల మీద పడిన వానలో ఒక వంతు పోయి ఆ విమానాల పొట్ట కింద చేరింది. మా ఊరి వాగులో నేను కాగితం పడవలు వదిలినప్పుడు ఈ సంగతి తెలిసుంటే కాగితానికి రెక్కలు కూడా మడిచేవాణ్ణి.

యుద్ధంలోనే ఇంకో వింత జరిగింది. జపాన్ అడ్డుగా ఉండటంతో ఆస్ట్రేలియాకి విమాన దారి తెగిపోయింది. క్వాంటాస్ కంపెనీ 1943 జులై నుంచి కాటలినాలతో పెర్త్ నుంచి కొగ్గలకి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, సర్వీసు నడిపింది. సుమారు 5,600 కిలోమీటర్లు. 27 నుంచి 33 గంటలు గాల్లోనే. పెట్రోలు బరువు పోను మిగిలింది ముగ్గురు ప్రయాణికులకి, 69 కిలోల తపాలాకి చోటు. శత్రువు వినకుండా వైర్‌లెస్ మూసేసుకుని, నక్షత్రాలు చూసుకుని దారి పట్టేవాళ్ళు. ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం కనపడేది. అందుకే ఆ సర్వీసుకి 'డబుల్ సన్‌రైజ్' అని పేరు, ఎక్కినవాళ్ళకి ఆ పేరుతో సర్టిఫికెట్ కూడా ఇచ్చేవాళ్ళు. రెండేళ్ళలో 271 సార్లు సముద్రం దాటారు. ఒక్క ప్రాణం పోలేదు.

ఎంపైర్ బోట్లకి అంత అదృష్టం లేదు. 1938లో కాల్పూర్నియా అనేది ఇరాక్‌లో క్రిస్మస్ తపాలా మోస్తూ కూలింది. 1939లో సెంచూరియన్ కలకత్తాలో హుగ్లీ మీద దిగబోయి మునిగింది. మరికొన్ని యుద్ధంలో పోయాయి, మిగిలినవి పాత ఇనుము కింద పోయాయి. 42లో ఇవాళ ఒక్కటీ మిగల్లేదు, మ్యూజియంలో కూడా.

ఈ విమానాలని చంపింది కూడా యుద్ధమే. బాంబర్ల కోసం అన్ని దేశాల్లోనూ కాంక్రీటు రన్‌వేలు పోసేశారు. యుద్ధం అయ్యేసరికి, ఏ లోటు వల్ల ఫ్లయింగ్ బోట్ పుట్టిందో ఆ లోటే లేకుండా పోయింది. పడవ పొట్టేమో గాలిలో బరువు, గాలికి అడ్డం. ఉప్పునీళ్ళకి తుప్పు. ప్రతి దిగుడుకీ మోటారు పడవలు, మనుషులు. చక్రాల విమానం అదే దూరం తక్కువ పెట్రోలుతో, ఎక్కువ వేగంగా పోతుంటే ఎవరాగుతారు? అవసరం తీరిపోయిన ఫీచర్‌ని మోస్తున్న పాత కోడ్ లాంటిది. ఎంత అందంగా రాసున్నా ఎవరో ఒకరు తీసేస్తారు. ఇంపీరియల్ వారసురాలు బీఓఏసీ 1950 నవంబరులో ఆఖరి ఫ్లయింగ్ బోట్ సర్వీసు ఆపేసింది. ఆస్ట్రేలియాలో లార్డ్ హో దీవికి మాత్రం 1974 దాకా పోయేవి, ఆ దీవిలో అప్పటిదాకా రన్‌వే లేదు మరి.

మన దగ్గర ఆ ముచ్చట మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది, ఎగిరే పడవగా కాదు, డొప్పల సీప్లేన్‌గా. 2010 చివర్లో అండమాన్‌లో జల్ హన్స్ అని మొదలుపెట్టారు. 2020 అక్టోబరు 31న అహ్మదాబాద్ సబర్మతి నుంచి పటేల్ విగ్రహం దగ్గరికి ప్రధాని ప్రారంభించారు. ఆ విమానం రిపేరుకి మాల్దీవులకి పోయొచ్చేది, 2021లో సర్వీసే ఆగింది. మనకైతే 2024 నవంబరు 9న ముఖ్యమంత్రి చంద్రబాబు విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌లో పోయారు. 19 సీట్ల ట్విన్ ఆటర్ రకం. ఆ రోజు మా ఆఫీసు తెలుగు గ్రూపులో ఆ వీడియో పదకొండుసార్లు ఫార్వర్డ్ అయ్యింది. కృష్ణమ్మ మీద నురగ లేపుకుంటూ లేస్తుంటే నాకూ ఒళ్ళు జలదరించింది, దాచుకునేదేముంది.

ఆ వీడియో మా అవ్వకి చూపించినా. ఫోను దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసింది. "బాగుండాది నాయినా. మళ్ళ ఆ నీళ్ళల్లో చేపలు పట్టేటోళ్ళు యాడికి పోవాల?" అంది.

నేను ఇన్ని పేజీలు చదివినా నాకు తట్టని ప్రశ్న అది. 2013లో కేరళలో సరిగ్గా ఇదే జరిగింది. కొల్లంలో అష్టముడి కాయల్ మీద జూన్‌లో ప్రారంభోత్సవం చేశారు. ఆలప్పుళలో దిగాల్సిన చోట మత్స్యకారులు పడవలు అడ్డం పెట్టారు. మా వలలు ఎక్కడ వేసుకోవాలి అని అడిగారు. సర్వీసు మొదలవ్వకుండానే ఆగిపోయింది. రన్‌వే ఖర్చు దేవుడు పెట్టుకున్నాడని పైన రాశాను. ఆ రన్‌వే మీద అప్పటికే బతుకుతున్నవాళ్ళు ఉంటారు. ఎంపైర్ రోజుల్లో వాళ్ళని అడిగినవాడు ఉండడు. ఇప్పుడైనా అడిగి దించాలి.

నాకు ఆ కాలంలో నిజంగా కావాలనిపించేది వెండి చెంచాలు కాదు, కడ్డీ కిటికీ కూడా కాదు. చెరువు. పెద్ద విమానం దిగాలంటే చెరువు పొడుగ్గా ఉండాలి, లోతుండాలి, దుంగా చెత్తా లేకుండా ఉండాలి. నీళ్ళు బతికుంటేనే పని. బెంగళూరుకి అప్పట్లో అట్లాంటి చెరువుండేది. అదే నగరంలో మనం ఊరికి బస్సెక్కే మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువులో కట్టారు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో. అప్పట్లో చెరువుని విమానాశ్రయం చేసుకున్నారు. తర్వాత చెరువుని పూడ్చి బస్టాండు చేసుకున్నాం. బెళ్ళందూరుని పూడ్చలేదు, అంత పెద్దది కాబట్టి మురుగు వదిలాం. అందులో నా ఫ్లాట్ మురుగు కూడా ఉందేమో, పైపు ఎక్కడ తేలుతుందో అపార్ట్‌మెంటు మీటింగులో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

మన జిల్లాలో విమానం దించాలంటే ఏ చెరువు సరిపోతుంది? ఈ ఆట మా ఫ్రెండ్స్‌తో ఒక ఆదివారమంతా ఆడాం. ఒకడు కల్యాణి డ్యామ్ అన్నాడు. చుట్టూ కొండలు, లేచిన వెంటనే మలుపు తిప్పాలి, నేను ఒప్పుకోలేదు. ఇంకొకడు తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు అన్నాడు. కొండల మధ్య కట్ట వేసి నిలబెట్టిన పెద్ద చెరువు, శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెబుతారు. నిండినప్పుడు చూస్తే సముద్రమే. కానీ నిండేదెప్పుడు? సీమ చెరువుల్లో సగం ఏడాది పశువులు మేస్తాయి. ఆ చెరువు నిండిన ఏడాది మాత్రం మేం మరిచిపోలేం. 2021 నవంబరు. తిరుపతి వీధుల్లో నీళ్ళు, స్వర్ణముఖి ఉగ్రం. రాయలచెరువు కట్టకి లీకు పడిందని చెప్పి రాత్రికి రాత్రి కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేసి, జనమంతా కాపలా కాసి, కట్ట నిలబెట్టుకున్నారు. నా కాలేజీ ఫ్రెండ్ ఒకడి కుటుంబం మూడు రోజులు స్కూలు వరండాలో పడుకుంది. వాడు మా విమానాల ఆటలో మాట్లాడలేదు. చివర్లో "ముందు తూము, మొరవ బాగుచెయ్యమనండిరా, విమానం తర్వాత దించుకుందాం" అన్నాడు. ఆట అక్కడితో ఆగిపోయింది.

రెడ్‌హిల్స్ చెరువు మాత్రం ఇంకా మంచినీళ్ళ చెరువుగానే ఉంది. నగరి ఏటి నీళ్ళకి తోడు 1996 నుంచి కృష్ణా నీళ్ళు కూడా పోతున్నాయి. కండలేరు నుంచి పూండికి పోయే ఆ కాలువ మన శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు మీదుగానే సాగుతుంది. తిరుపతి నుంచి ఊత్తుకోట దారిలో చెన్నై పోయే బస్సెక్కితే కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి. రెడ్‌హిల్స్ ఊరు దాటాక వస్తుంది. కట్ట ఎత్తుగా ఉంటుంది, కూర్చుంటే నీళ్ళు సరిగ్గా కనపడవు. సామాను పక్కవాళ్ళకి అప్పగించి ఒక్క నిమిషం లేచి నిలబడాలి.